ఈతలో రికార్డుకు అధికార ముద్ర పడే తీరు

(తిరుపతిలో ఈత శిక్షకులు, వ్యాయామ ఉపాధ్యాయులు, పోటీల నిర్వాహకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

వేదిక మీది పెద్దలకు, శిక్షకులకు, వ్యాయామ ఉపాధ్యాయులకు, వెనుక వరుసల్లో కూర్చున్న యువ ఈతగాళ్లకు నమస్కారం.

మన జిల్లా పత్రికా పేజీల్లో అప్పుడప్పుడు ఒక వార్త కనిపిస్తూ ఉంటుంది. ఎవరో చిన్నారి నీటి మీద పద్మాసనం వేసి గంటల తరబడి తేలిందనో, చేతులు కట్టుకుని చెరువును అడ్డంగా ఈదిందనో రాసి, పైన పెద్ద అక్షరాలతో ‘ప్రపంచ రికార్డు’ అని పెడతారు. ఆ పిల్లల సాధనను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని దిగుడు బావుల్లో ఈత నేర్చిన ప్రాంతం మనది. నీటి మీద తేలడం ఎంత కష్టమో మనకు ఒకరు చెప్పనక్కర లేదు. అయితే పోటీ ఈతలో రికార్డు అనేది అలా వార్తతో పుట్టదు, చప్పట్లతో పుట్టదు, ఆ మాటకొస్తే గడియారంలో కనబడిన అంకెతో కూడా పుట్టదు. ఆ అంకె కనబడిన తరువాత జరగవలసిన పని చాలా ఉంది. ఈరోజు నేను మాట్లాడబోయేది ఆ పని గురించే.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈత నియమావళిలో రికార్డుల అధ్యాయాన్ని చదివినవారికి అదంతా అనుమానపు మనుషులు రాసిన షరతుల చిట్టాలా అనిపిస్తుంది. కొలను పొడవు, నీటిలో ఉప్పు, తొడుక్కున్న దుస్తులు, మూత్ర పరీక్ష, సంతకాలు, గడువులు. వాటినన్నిటినీ కలిపే సూత్రం మాత్రం ఒక్కటే. టోక్యోలో ఒకరు, రోమ్‌లో మరొకరు, ఇరవై ఏళ్ల తేడాతో ఈదిన ఈతలను పక్కపక్కన పెట్టి పోల్చగలగాలి. రికార్డుగా గుర్తించేది వేగాన్ని కాదు, పోల్చడానికి వీలైన వేగాన్ని. ఏ షరతును తీసుకున్నా, అది లేకపోతే ఆ పోలిక ఎక్కడ చెడుతుందో చూపించవచ్చు.

ప్రపంచ స్థాయిలో ఈ గుర్తింపు ఇచ్చే సంస్థ 1908లో లండన్‌లో ఒలింపిక్స్ జరుగుతున్న సమయంలో ఏర్పడింది. చాలాకాలం ‘ఫినా’ అనే పేరుతో మనకు పరిచయమైన ఆ సంస్థే 2022 చివరలో ‘వరల్డ్ ఆక్వాటిక్స్’గా పేరు మార్చుకుంది. దాని తొలి బాధ్యతల్లో ప్రపంచ రికార్డుల జాబితాను నిర్వహించడం ఒకటి. అంతకు ముందు ఏ దేశం లెక్క ఆ దేశానిది. సంస్థ వచ్చిన తరువాత కూడా చాలా దశాబ్దాల పాటు ఆ జాబితాలో గందరగోళం ఉండేది. 25 గజాలకు తగ్గని ఏ కొలనులో ఈదినా రికార్డుగా ఒప్పుకునేవారు. ఇందులో చిక్కేమిటో ఈతగాళ్లకు వెంటనే అర్థమవుతుంది. కొలను పొట్టిదైన కొద్దీ మలుపులు పెరుగుతాయి. ప్రతి మలుపులోనూ గోడను కాళ్లతో తన్ని ముందుకు దూసుకుపోయే అవకాశం దొరుకుతుంది. కాబట్టి పొట్టి కొలనులో అదే మనిషి ఎక్కువ వేగంగా ఈదుతాడు. 1957 నుంచి 50 మీటర్ల కొలనులో, లేదా దానికి సరితూగే 55 గజాల కొలనులో ఈదినవాటినే లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టారు. 1969 నుంచి గజాల దూరాలను పూర్తిగా వదిలేశారు. 25 మీటర్ల కొలనుల రికార్డులను కలిపెయ్యకుండా, 1991 నుంచి షార్ట్ కోర్స్ పేరుతో వేరే జాబితాగా గుర్తిస్తున్నారు. అందువల్ల మన పిల్లవాడు 25 మీటర్ల కొలనులో ఈదిన సమయాన్ని తెచ్చి 50 మీటర్ల రికార్డు పక్కన పెట్టి ‘ఇంకా సెకనే తేడా’ అని సంబరపడడం సరికాదు. ఇది తల్లిదండ్రులకు ఓపికగా చెప్పవలసిన విషయం, చెప్పేవారు మీరే.

ఇక కొలను సంగతి. 50 మీటర్లు అని బోర్డు మీద రాసినంత మాత్రాన అది 50 మీటర్లు కాదు. ప్రతి లేన్ పొడవునూ అర్హత గల సర్వేయరో, ఆ దేశపు ఈత సమాఖ్య నియమించిన లేదా ఆమోదించిన అధికారో కొలిచి ధ్రువీకరించాలి. కొద్దిపాటి ఎక్కువను నియమం సహిస్తుంది కానీ, తక్కువను మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా సహించదు. రికార్డు కోరుకునేవాడు నిర్ణీత దూరం కంటే పిసరంత ఎక్కువ ఈదితే నష్టం అతనిదే. తక్కువ ఈదితే నష్టం పాత రికార్డు గలవాడిది, అతను తన తరఫున మాట్లాడడానికి అక్కడ ఉండడు. ఆ లేనివాడి హక్కును కాపాడడానికే ఈ పక్షపాతం.

సమయాన్ని నమోదు చేసే టచ్ ప్యాడ్‌ను గోడకు తగిలిస్తే దాని మందం కూడా దూరంలోంచి పోతుంది. అది గరిష్ఠంగా ఒక సెంటీమీటరు ఉండవచ్చు. రెండు గోడలకూ తగిలిస్తే రెండు సెంటీమీటర్లు. కొలనును ఖచ్చితంగా 50 మీటర్లకు కట్టించినవారు ప్యాడ్లు తగిలించిన రోజున తమ కొలను పొట్టిదైపోయిందని గుర్తించి తలపట్టుకుంటారు. అందుకే ముందుచూపు ఉన్న ఇంజనీర్లు ఆ రెండు సెంటీమీటర్లనూ కలుపుకుని కడతారు. పాత గోడల మీద కొత్త టైల్స్ అతికించినప్పుడూ ఇదే ప్రమాదం ఉంది. మరమ్మతు అయిన ప్రతిసారీ మళ్లీ కొలిపించండి. పెద్ద కొలనులను రెండుగా విడదీయడానికి మధ్యలో జరిపే గోడ ఉంటే మరీ జాగ్రత్త కావాలి. ఆ గోడ పోటీ మధ్యలో కొద్దిగా కదలవచ్చు కాబట్టి, రికార్డు వచ్చిన లేన్‌ను ఆ పూట పోటీలు ముగిసిన తరువాత మళ్లీ కొలిచి నిర్ధారించాలని నియమం చెబుతుంది.

నీటి విషయంలోనూ ఒక షరతు ఉంది. లీటరు నీటిలో ఉప్పు 3 గ్రాముల కంటే తక్కువ ఉండాలి. ఉప్పునీటిలో శరీరం తేలికగా తేలుతుంది, తేలితే అడ్డు తగ్గుతుంది. సముద్రంలో ఈదిన ఏ సమయానికీ ప్రపంచ రికార్డు గుర్తింపు లేదు. 1958లో మిహిర్ సేన్, ఆ మరుసటి ఏడాది ఆరతీ సాహా ఇంగ్లిష్ చానల్‌ను ఈది దాటినప్పుడు దేశమంతా గర్వపడింది, గర్వపడవలసిందే. అయితే అలల తీరు, ప్రవాహం, గాలి ఏ రెండు రోజులూ ఒకేలా ఉండవు కాబట్టి ఆ ఈతలను పరిశీలకుల పర్యవేక్షణలో వేరే సంఘాలు నమోదు చేస్తాయి. ఒలింపిక్స్‌లో 2008 నుంచి ఉన్న 10 కిలోమీటర్ల ఓపెన్ వాటర్ పోటీలో విజేతలు ఉంటారు, పతకాలు ఉంటాయి, ప్రపంచ రికార్డు మాత్రం ఉండదు.

ఇప్పుడు గడియారం దగ్గరికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే మన పోటీల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో పురుషుల 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్‌లో అమెరికాకు చెందిన లాన్స్ లార్సన్, ఆస్ట్రేలియాకు చెందిన జాన్ డెవిట్ దాదాపు ఒకేసారి గోడను తాకారు. అప్పట్లో ఒక్కో లేన్‌కు ముగ్గురు టైమ్ కీపర్లు చేతి గడియారాలతో నిలబడేవారు. డెవిట్‌కు ముగ్గురూ 55.2 సెకన్లు చూపించారు. లార్సన్‌కు ఒకరు 55.0, మిగిలిన ఇద్దరు 55.1 చూపించారు. అంటే మూడు గడియారాల ప్రకారమూ లార్సనే ముందు. కానీ స్థానాలను నిర్ణయించే అధికారం అప్పుడు గడియారాలకు లేదు, కళ్లతో చూసే న్యాయనిర్ణేతలకు ఉండేది. వారు సగం సగం చీలిపోయారు. ప్రధాన న్యాయనిర్ణేత డెవిట్ వైపు మొగ్గాడు. ఆ అధికారం నియమావళి అతనికి ఇవ్వలేదని అమెరికా వాదించినా ఫలితం మారలేదు. డెవిట్‌కు స్వర్ణం వచ్చింది. ఆ నిర్ణయానికి తగ్గట్టు లార్సన్ సమయాన్ని కూడా 55.2గా మార్చి రాశారు. ఈ చివరి సంగతి నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. స్థానం విషయంలో మనిషి కన్ను పొరబడవచ్చు. కానీ కొలిచిన అంకెను తీర్పుకు అనుగుణంగా దిద్దడం వేరే సంగతి.

ఆ వివాదం తరువాత యంత్రం మీద నమ్మకం పెరిగింది. 1967లో కెనడాలోని విన్నిపెగ్‌లో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లో ఒమెగా సంస్థ టచ్ ప్యాడ్లను ప్రవేశపెట్టింది; మరుసటి ఏడాది మెక్సికో ఒలింపిక్స్‌లోనూ వాడారు. ఈతగాడే తన చేత్తో తన గడియారాన్ని ఆపుతాడు. చూసేవాడి కన్ను, నొక్కేవాడి బొటనవేలు మధ్యలో లేవు. ఈనాడు ప్రపంచ రికార్డు కావాలంటే సమయం ఈ స్వయంచాలక యంత్రం నుంచి రావాలి. అది పనిచేయకపోతే, టైమ్ కీపర్లు బటన్ నొక్కే సెమీ ఆటోమేటిక్ యంత్రం నుంచి రావాలి. స్టాప్‌వాచ్ సమయానికి ఆ గౌరవం లేదు.

యంత్రం వచ్చాక దాని చాదస్తం బయటపడింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో, నాలుగు రకాల ఈతలనూ వరుసగా ఈదే 400 మీటర్ల మెడ్లేలో స్వీడన్‌కు చెందిన గున్నార్ లార్సన్, అమెరికాకు చెందిన టిమ్ మెక్కీ ఇద్దరికీ వందోవంతు వరకు ఒకే సమయం వచ్చింది. అప్పుడు వెయ్యోవంతు దాకా చూశారు. లార్సన్ 4 నిమిషాల 31.981 సెకన్లు, మెక్కీ 4 నిమిషాల 31.983 సెకన్లు. స్వర్ణం లార్సన్‌కు ఇచ్చారు. సెకనులో వెయ్యింట రెండు వంతులు అంటే ఆ వేగంలో సుమారు మూడు మిల్లీమీటర్ల దూరం. ఒక లేన్ గోడకు, పక్క లేన్ గోడకు మధ్య నిర్మాణంలోనే అంతకంటే ఎక్కువ తేడా ఉండవచ్చు కదా! కొలను కొలత ఎంత సూక్ష్మమో సమయం కొలత అంతకంటే సూక్ష్మం కాకూడదని తరువాత గ్రహించారు. అప్పటి నుంచి వందోవంతుతో ఆపేశారు. యంత్రం మూడో అంకెను చూపగలిగినా దాన్ని రాయరు. వందోవంతు వరకు సమానమైతే ఇద్దరూ సమానులే. 2000 సిడ్నీలో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో గ్యారీ హాల్ జూనియర్, ఆంథొనీ ఎర్విన్ ఇద్దరూ 21.98 సెకన్లతో స్వర్ణాన్ని పంచుకున్నారు. 2016 రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో అమెరికాకు చెందిన మైకేల్ ఫెల్ప్స్, చాడ్ లె క్లోస్, లాస్లో చే ముగ్గురూ 51.14 సెకన్లతో రజతం దగ్గర నిలిచారు. రికార్డు విషయంలోనూ ఇంతే. ఉన్న రికార్డును వందోవంతుకు సమానంగా ఈదినవారు దానికి ఉమ్మడి హక్కుదారులవుతారు.

యంత్రం ఏం కొలుస్తుందో తెలుసుకోకపోవడం వల్ల కూడా అపోహలు వస్తాయి. 2008 బీజింగ్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్‌ను టీవీలో చూసినవారిలో చాలామందికి సెర్బియాకు చెందిన మిలోరాడ్ చావిచ్ గెలిచినట్టే కనిపించింది. ఫలితం ఫెల్ప్స్ 50.58, చావిచ్ 50.59 అని వచ్చింది. సెర్బియా అభ్యంతరం చెప్పింది. నీటి లోపలి చిత్రాలను పరిశీలించి ఫలితాన్నే ఖాయం చేశారు. ప్యాడ్ నీటి అలలకు స్పందించకూడదు కాబట్టి దాన్ని కొంత బలంతో నొక్కాలి. చావిచ్ చేతులు చాచి గోడ వైపు తేలుతూ వచ్చాడు. ఫెల్ప్స్ మరో సగం చేతివేటు వేసి గోడను గట్టిగా కొట్టాడు. మన పిల్లలకు ‘గోడను ముట్టుకో’ అని కాకుండా ‘గోడను నొక్కు’ అని నేర్పాలి.

ప్రారంభంలోనూ ఇలాంటి సూక్ష్మమే ఉంది. ఎనిమిది లేన్ల కొలనులో ఒకటో లేన్ నుంచి ఎనిమిదో లేన్‌కు పదిహేడున్నర మీటర్ల దూరం. స్టార్టర్ ఒక మూల నిలబడి తుపాకీ పేలిస్తే ఆ శబ్దం అవతలి మూలకు చేరేసరికి సెకనులో వందకు ఐదు వంతులు గడిచిపోతాయి. వందోవంతుతో పతకాలు చేతులు మారే ఆటలో ఇది చిన్న అన్యాయం కాదు. అందుకే ప్రతి స్టార్టింగ్ బ్లాక్ దగ్గర విడిగా స్పీకర్ పెడతారు.

అంత జాగ్రత్తలోనూ యంత్రాన్ని అమర్చేది మనిషే. 2018 ఆగస్టులో గ్లాస్గోలో జరిగిన ఐరోపా చాంపియన్‌షిప్‌లో ఇంగ్లండ్ ఈతగాడు ఆడం పీటీ 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌ను 57.00 సెకన్లలో ముగించాడని ప్రకటించారు. స్టేడియం ఊగిపోయింది. తరువాత పరిశీలిస్తే టైమింగ్ వ్యవస్థను సరిగా అమర్చలేదని, ఆ పూట కొన్ని పోటీల సమయాలు సెకనులో పదోవంతు తక్కువగా నమోదయ్యాయని తేలింది. పీటీ సమయాన్ని 57.10గా సవరించారు. అప్పటికి ఉన్న రికార్డు కూడా అతనిదే, రియోలో ఈదిన 57.13. కాబట్టి సవరించిన సమయం కూడా కొత్త రికార్డుగానే నిలిచింది. తప్పును దాచకుండా అంకెను వెనక్కి తీసుకున్న ఆ నిర్వాహకులను నేను మెచ్చుకుంటాను. రోమ్‌లో అంకెను తీర్పుకు అనుగుణంగా దిద్దారు. గ్లాస్గోలో నిజానికి అనుగుణంగా దిద్దారు.

ఇక ఎవరి సమయం రికార్డుకు అర్హం? దీనికి జవాబు కొందరికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక రేసులో గెలిచినవారి సమయాన్నే ప్రపంచ రికార్డుకు పంపగలరు. రెండో స్థానంలో వచ్చినవాడు పాత రికార్డును దాటినా ఫలితం లేదు. 2008 బీజింగ్‌లో పురుషుల 4×100 మీటర్ల ఫ్రీస్టైల్ రిలే ఫైనల్ దీనికి గొప్ప ఉదాహరణ. అంతకు ముందు హీట్స్‌లో, అంటే తొలి వడపోత రేసుల్లో, అమెరికా నెలకొల్పిన 3 నిమిషాల 12.23 సెకన్ల రికార్డును ఫైనల్‌లో ఏకంగా ఐదు జట్లు దాటాయి. జాబితాలోకి ఎక్కింది ఒక్క అమెరికా జట్టు, 3 నిమిషాల 08.24 సెకన్లు. ఫ్రాన్స్ జట్టు వారికంటే 0.08 సెకన్లు మాత్రమే వెనుక. స్వీడన్ జట్టు పాత ప్రపంచ రికార్డును దాటి కూడా ఐదో స్థానంలో నిలిచి, పతకం లేక, రికార్డు లేక ఇంటికి వెళ్లింది.

అదే రేసులో మరో రెండు పాఠాలు ఉన్నాయి. ఆస్ట్రేలియా తరఫున మొదట ఈదిన ఎమన్ సలివన్ తన 100 మీటర్లను 47.24 సెకన్లలో ముగించాడు. అది వ్యక్తిగత 100 మీటర్ల ఫ్రీస్టైల్ ప్రపంచ రికార్డుగా నమోదైంది. అమెరికా తరఫున చివర ఈదిన జేసన్ లెజాక్ 46.06 సెకన్లలో ముగించాడు. అంత వేగంగా అప్పటికి ఎవరూ ఈదలేదు, అయినా అది వ్యక్తిగత రికార్డు కాదు. మొదటి ఈతగాడు అందరిలాగే శబ్దం విని దూకుతాడు. తరువాతివారు ముందున్నవాడి రాకను చూస్తూ, బ్లాక్ మీద శరీరాన్ని ముందే కదిలించి దూకుతారు. అరసెకను దాకా లాభం అక్కడే వస్తుంది. పోల్చదగిన వేగం అని నేను మొదట అన్నది దీనినే. ఇందులో మరో న్యాయం కూడా ఉంది: మొదటి ఈతగాడు తన దూరాన్ని సక్రమంగా ముగించిన తరువాత, వెనక వచ్చే సహచరుడు తొందరపడి దూకి జట్టు అనర్హతకు గురైనా, మొదటివాడి రికార్డు చెక్కుచెదరదు. స్త్రీ పురుషులు ఒకే జట్టుగా ఈదే మిక్స్‌డ్ రిలేలో మాత్రం ఈ వెసులుబాటు ఇవ్వలేదు.

మధ్య దూరాలకూ రికార్డు అడగవచ్చు. 1994లో కెనడాలోని విక్టోరియాలో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో ఆస్ట్రేలియాకు చెందిన కీరెన్ పెర్కిన్స్ 1500 మీటర్లు ఈదుతూ, దారిలో 800 మీటర్ల గుర్తును 7 నిమిషాల 46.00 సెకన్లలో దాటాడు. చివరికి 14 నిమిషాల 41.66 సెకన్లలో ముగించాడు. ఒకే ఈతకు రెండు ప్రపంచ రికార్డులు. కాకపోతే మధ్యలో రికార్డు కొట్టి ఆగిపోతే చెల్లదు; మొదలుపెట్టిన దూరాన్ని పూర్తి చేసి తీరాలి.

దుస్తుల విషయం వచ్చేసరికి నాకు కొంత అసంతృప్తి ఉంది, దాచుకోను. 2008, 2009 సంవత్సరాల్లో ఒళ్లంతా కప్పే పాలీయురెథేన్ సూట్లు వచ్చాయి. అవి శరీరాన్ని బిగించి, నీటి మీద తేలడానికి తోడ్పడ్డాయి. 2009 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌కు చెందిన అలైన్ బెర్నార్డ్ 100 మీటర్లను 46.94 సెకన్లలో ఈదాడు. 47 సెకన్ల గోడను కూల్చిన తొలి వ్యక్తిగత ఈత అది. కానీ అతను వేసుకున్న సూట్‌కు అప్పటికి ఆమోదం లేదు. ఫినా ఆ సమయాన్ని ప్రపంచ రికార్డుగా గుర్తించలేదు. మూడు నెలలకే రోమ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో బ్రెజిల్‌కు చెందిన సీజర్ సియెలో 46.91 ఈదాడు, దానికి గుర్తింపు వచ్చింది. ఆ ఒక్క రోమ్ పోటీలోనే 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. 2010 జనవరి 1 నుంచి ఆ సూట్లను నిషేధించి, పురుషులు నడుము నుంచి మోకాలి వరకు, మహిళలు భుజాల నుంచి మోకాలి వరకు మాత్రమే, అదీ నేసిన బట్టతో చేసినవే వేసుకోవాలని నిర్ణయించారు. అయితే పాత రికార్డులను తీసివేయలేదు, వాటి పక్కన గుర్తు కూడా పెట్టలేదు.

ఈదిన రోజున నియమం ఏది అనుమతించిందో దాని ప్రకారమే ఆ రికార్డు నిలబడాలి. వెనక్కి వెళ్లి శిక్షించకూడదు. ఇది న్యాయసూత్రంగా ఒప్పుకుంటాను. కానీ దాని మూల్యం తరువాతి తరం చెల్లించింది. నిషేధం తరువాత 50 మీటర్ల కొలనులో మొదటి ప్రపంచ రికార్డు రావడానికి 2011 జూలై దాకా ఆగవలసి వచ్చింది. షాంఘైలో ర్యాన్ లాక్టే 200 మీటర్ల మెడ్లేను 1 నిమిషం 54.00 సెకన్లలో ఈదాడు. సియెలో 46.91ని 2022 ఆగస్టులో, అదే రోమ్ నగరంలో, రొమేనియా కుర్రవాడు డేవిడ్ పొపోవిచి 46.86తో దాటాడు. అంటే పదమూడేళ్లు. ఆ తరువాత చైనాకు చెందిన పాన్ జాన్‌లే 2024 ఫిబ్రవరిలో దోహాలో రిలే మొదటి ఈతగాడిగా 46.80, ఆ జూలైలో పారిస్ ఒలింపిక్స్‌లో 46.40 ఈదాడు. సూట్ల కాలపు రికార్డులను వేరే జాబితాలో పెట్టి ఉంటే, ఆ మధ్య కాలంలో మామూలు దుస్తులతో ఈదిన ఎందరికో తమ పేరు చూసుకునే అవకాశం దక్కేది. షార్ట్ కోర్స్‌కు వేరే జాబితా పెట్టగలిగినవారు దీనికి పెట్టలేకపోవడం నాకు సమంజసంగా అనిపించదు.

డోపింగ్ పరీక్ష గురించి క్లుప్తంగా చెబుతాను. రికార్డు దరఖాస్తుతో పాటు, ఆ ఈతగాడి నమూనాలో నిషిద్ధ పదార్థం లేదన్న ధ్రువీకరణ ఉండాలి. పరీక్ష చేసే ఏర్పాటు లేని చోట ఎంత వేగంగా ఈదినా రికార్డు గాలిలోనే ఉంటుంది. అలాగని పరీక్ష ఒక్కటే సర్వరోగ నివారిణి కాదు. తూర్పు జర్మనీ ప్రభుత్వమే క్రీడాకారిణులకు మందులు ఇప్పించిందని ఆ దేశం అంతమైన తరువాత పత్రాలతో, కోర్టు విచారణలతో రుజువైనా, వారి కాలపు రికార్డులు చరిత్ర పట్టికలోంచి పోలేదు. దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఈమధ్యనే వచ్చింది. 2025లో గ్రీస్‌కు చెందిన క్రిస్టియన్ గోలొమేయెవ్, నిషిద్ధ మందులను బాహాటంగా అనుమతించే ‘ఎన్‌హాన్స్‌డ్ గేమ్స్’ తరఫున 50 మీటర్లను 20.89 సెకన్లలో ఈదాడు; సియెలో పేరిట 2009 నుంచి అప్పటిదాకా ఉన్న 20.91 కంటే అది తక్కువ. దానిని వరల్డ్ ఆక్వాటిక్స్ జాబితాలోకి రానివ్వలేదు. నిషేధించిన సూట్, నిషేధించిన మందులు, తమకు తాము ఏర్పాటు చేసుకున్న ఈత. గడియారం అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, కానీ పోలిక చెడింది.

ఇక కాగితాలు. మన రైతులకు బాగా తెలిసిన మాట చెబుతాను: పొలం తాతల నాటి నుంచి దున్నుకుంటున్నా, పట్టాదారు పాసు పుస్తకంలో పేరు ఎక్కకపోతే బ్యాంకు గడపలో ఆ పొలానికి విలువ లేదు. రికార్డు కూడా అంతే. ఒలింపిక్స్, ప్రపంచ చాంపియన్‌షిప్‌లు, ప్రపంచ కప్‌లలో వచ్చిన రికార్డులకు ఆమోదం దానంతటదే వస్తుంది. మిగతా పోటీల్లో వస్తే నిర్వాహకులు నిర్ణీత పత్రం నింపి, ఈతగాడి దేశపు సమాఖ్య సంతకం చేసి, గడువులోగా పంపాలి. నియమావళిలో చాలాకాలంగా ఉన్న గడువు 14 రోజులు. కొలను ధ్రువపత్రం, యంత్రం వివరం, పరీక్ష ఫలితం అన్నీ సరిచూసిన తరువాతే ప్రపంచ సంస్థ రికార్డును ప్రకటించి, ఈతగాడికి యోగ్యతాపత్రం పంపుతుంది. ఎవరైనా ఒంటరిగా గడియారంతో పోటీపడి రికార్డుకు ప్రయత్నించవచ్చు. అయితే అది బహిరంగంగా జరగాలి, కనీసం మూడు రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. గుర్తింపు పొందిన పోటీల మధ్యలో సమాఖ్య అనుమతితో టైమ్ ట్రయల్ పెడితే ఆ ముందస్తు ప్రకటన అక్కర లేదు.

మన దేశంలో ఒక ప్రత్యేకత ఉంది, అది తెలియక మన పత్రికలు తికమక పడుతుంటాయి. భారత ఈత సమాఖ్య నియమం ప్రకారం జాతీయ రికార్డు జాతీయ చాంపియన్‌షిప్‌లోనే పుట్టాలి. విదేశంలో అంతకంటే వేగంగా ఈదితే దానిని ‘భారతీయుల అత్యుత్తమ ప్రదర్శన’ అంటారు, జాతీయ రికార్డు అనరు. 2021 జూన్‌లో రోమ్‌లో జరిగిన సెట్టే కొల్లి పోటీలో సజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, టోక్యో ఒలింపిక్స్‌కు ‘ఎ’ ప్రమాణంతో నేరుగా అర్హత పొందిన తొలి భారతీయుడయ్యాడు. మరునాడు బెంగళూరుకు చెందిన శ్రీహరి నటరాజ్ అక్కడే ఒక టైమ్ ట్రయల్‌లో 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌ను 53.77 సెకన్లలో ముగించాడు. కావలసిన ప్రమాణం 53.85. అది రేసు కాదు, టైమ్ ట్రయల్. అందువల్ల ఫినా ఆమోదం వచ్చేదాకా కొన్ని రోజులు నిరీక్షించవలసి వచ్చింది. ఆమోదం వచ్చింది, శ్రీహరి టోక్యో వెళ్లాడు. ముందుగా అనుమతి తీసుకుని, సరైన కొలనులో, సరైన యంత్రంతో, అధికారుల సమక్షంలో జరిపించారు కాబట్టే ఆ 0.08 సెకన్ల తేడాకు విలువ వచ్చింది.

ఇప్పుడు మన పోటీల మాట. జిల్లా స్థాయిలో టచ్ ప్యాడ్లు దొరకవు, స్టాప్‌వాచ్‌లే దిక్కు. వాటికీ పద్ధతి ఉంది. ఒక లేన్‌కు మూడు గడియారాలు పెట్టండి. రెండు ఒకే సమయం చూపి మూడోది తేడా వస్తే ఆ రెండు చూపిందే సమయం. మూడూ మూడు రకాలుగా ఉంటే మధ్యది తీసుకోవాలి, సగటు తియ్యకూడదు. రెండే పనిచేస్తే అప్పుడు సగటు. ఈ చిన్న నియమాన్ని తారుమారు చేసి, మూడింటిలో తక్కువ అంకెను రాసిన షీట్లు నేను చూశాను. ఏ పోటీవో చెప్పను. అలాంటి షీట్ వల్ల పిల్లవాడికి ఒరిగేదేమీ లేదు, రాష్ట్ర పోటీలో అతను అంత వేగంగా ఈదలేనప్పుడు నిరుత్సాహపడేది అతనే. వయోవర్గ పోటీల్లో జనన ధ్రువపత్రం అసలును చూసి సరిపోల్చండి. వయసు తప్పయితే సమయం ఎంత ఒప్పయినా ఆ ఫలితం నిలవదు. ఫలితాల షీట్ మీద రిఫరీ సంతకం, తేదీ, కొలను పొడవు తప్పనిసరిగా ఉండాలి. చాలా షీట్లలో ఉండనిది ఈ మూడోదే.

ముందు వరుసలో ఒక ఉపాధ్యాయురాలు చేయి ఎత్తారు, అడగండమ్మా. సరే, ప్రశ్న అందరికీ వినిపించేలా చెబుతాను: తమ బడి పిల్ల ఫైనల్‌లో కాకుండా పొద్దున హీట్స్‌లో మీట్ రికార్డును, అంటే ఆ పోటీల వరకు ఉన్న రికార్డును దాటింది, సాయంత్రం ఫైనల్‌లో వెనుకబడింది, ఆ హీట్ సమయం చెల్లుతుందా అని అడుగుతున్నారు. ప్రపంచ నియమం ప్రకారమైతే హీట్ కూడా ఒక రేసే. ఆ పిల్ల తన హీట్‌లో మొదటి స్థానంలో వచ్చి ఉంటే చెల్లుతుంది. ఇందాక చెప్పిన బీజింగ్ రిలే పాత రికార్డు కూడా హీట్స్‌లో వచ్చిందే. మీ పోటీ నియమావళిలో మీట్ రికార్డుకు వేరే షరతు రాసి ఉందేమో చూడండి. లేకపోతే ఆ హీట్ షీట్ ప్రతిని, మూడు గడియారాల అంకెలతో సహా, ఈ సాయంత్రమే తీసి పెట్టుకుని రిఫరీ చేత సంతకం చేయించండి. సంతకం లేని షీట్ పట్టుకుని వచ్చే వారం వెళ్తే ఆయన తనకు గుర్తు లేదంటారు, ఆయన తప్పూ కాదు.